పాత రవాణా విమానములకు టర్బైను యంత్రములు: డకోటా చరిత్రమున ఒక ప్రకరణము

విమానయాన చరిత్రమును వ్రాయువారు సామాన్యముగ కొత్త విమానముల పుట్టుకను గూర్చియే విస్తరించి వ్రాయుచుందురు. ఏ విమానము ఏ సంవత్సరమున మొదట ఎగిరెను, ఎంత వేగముగ పోయెను, ఎందరిని మోసెను అను విషయములు గ్రంథములయందు సమృద్ధిగ లభించును. కాని పుట్టి నలువది, ఏబది ఏండ్లు గడచిన పిమ్మట తమ పాత యంత్రములను విసర్జించి, వేరు జాతి యంత్రములను ధరించి, మరల కొలువులో ప్రవేశించిన విమానముల చరిత్రము అంతగా ప్రచారమునకు రాలేదు. ఈ వ్యాసమున ఆ చరిత్రమును సంగ్రహముగ పరిశీలింప దలచితిమి.

ఈ పరిశీలనకు డకోటా విమానమును ముఖ్యోదాహరణముగ గ్రహించుటకు రెండు కారణములు కలవు. యంత్రములను మార్చు ప్రయత్నము ఇంత దీర్ఘకాలము, ఇన్ని విధముల, ఇన్ని దేశములలో జరిగిన రవాణా విమానము మరియొకటి కానరాదు. ఇది మొదటి కారణము. తెలుగువారు చిరకాలముగ స్థిరపడియున్న బెంగుళూరు, మద్రాసు, నాగపూరు నగరములతోను, హైదరాబాదు బేగంపేటతోను ఈ విమానమునకు గాఢమైన సంబంధముండుట రెండవది. పాత విమానమునకు కొత్త యంత్రమును అమర్చుట ఏ పరిస్థితులలో ఫలించును, ఏ పరిస్థితులలో వ్యర్థమగును అను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. దానితోపాటు, సామర్థ్యమునకు లోటులేని మన దేశము ఈ మార్గమును ఏల అవలంబింపలేదను ప్రశ్నయు విచారణీయమే.

డకోటా పుట్టుక, మన దేశమున దాని వ్యాప్తి

1935 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని శాంటా మోనికాయందు డగ్లస్ సంస్థవారి కొత్త విమానమొకటి మొదటిసారి ఆకాశమున కెగిరెను. రాత్రి ప్రయాణమున పడుకొనుటకు వీలుగ పడకలు అమర్చిన విమానమది. దానినే పగటి ప్రయాణమునకు 21 ఆసనములతో తీర్చిదిద్దగా డి.సి.-3 అను పేరు కలిగెను. రెక్కల వెడల్పు 95 అడుగులు. తొలుత రైట్ సంస్థవారి సైక్లోన్ యంత్రములను, తరువాత విశేషముగ ప్రాట్ అండ్ విట్నీ వారి ట్విన్ వాస్ప్ యంత్రములను దీనికి అమర్చిరి. ఒక్కొక్క ట్విన్ వాస్ప్ యంత్రము 1,200 అశ్వశక్తి కలది. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున సైన్యముల కొరకు సి-47 అను పేర ఈ విమానములను వేలకొలది నిర్మించిరి. అమెరికాలో నిర్మింపబడినవే 10,000కు మించినవి. బ్రిటిషు వైమానిక దళమువారు దీనికి డకోటా యని నామకరణము చేసిరి. మన దేశమున ఆ పేరే స్థిరపడినది.

బెంగుళూరునందు 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థాన ప్రభుత్వ సహాయముతో నెలకొల్పిన హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారము, యుద్ధమధ్యమున 1943లో అమెరికా సైన్యముయొక్క అధీనమునకు పోయి, వారి విమానములను విప్పి బాగుచేయు కేంద్రముగ మారెను. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిపోయిన సైనిక డకోటాలను కొని, వానిని ప్రయాణికుల విమానములుగ మార్చు పని అచ్చటనే జరిగినది. ఇనుపబల్లలు తీసి ఆసనములు వేయుట, లోపలి గోడలకు ఒరలు తొడుగుట, తలుపులు మార్చుట వంటి పనులతో డకోటా తన జీవితమున తొలి రూపాంతరమును మన దేశమున పొందెనని చెప్పవచ్చును. యంత్రములు మాత్రము అవియే.

బేగంపేట కేంద్రముగ 1945లో స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థకు ఈ డకోటాలే ఆధారము. 1947 అక్టోబరు 27వ తేదీన శ్రీనగరమునకు భారతసైన్యమును చేర్చినవియు డకోటాలే. 1949లో ప్రారంభమైన రాత్రి తపాలా విమానముల యేర్పాటునందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములనుండి బయలుదేరిన విమానములు అర్ధరాత్రమున నాగపూరులో కలసికొని, తపాలా సంచులను పరస్పరము మార్చుకొని, తెల్లవారులోగా తమతమ నగరములకు మరలుచుండెడివి. ఉత్తరము మరునాటికే దూరనగరమునకు చేరుట ఆ కాలమున ఆశ్చర్యకరమైన విషయము. 1953లో ఎనిమిది విమాన సంస్థలను జాతీయము చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషనును ఏర్పరచినపుడు దాని చేతికి వచ్చిన 99 విమానములలో 74 డకోటాలే యుండెను.

ఇంతటి నమ్మకమైన విమానమునకు యంత్రమును మార్చవలసిన అగత్యము ఎందుకు కలిగెనో తెలియవలెనన్న, రెండు జాతుల యంత్రముల తారతమ్యమును ముందుగ గ్రహింపవలెను.

పిస్టను యంత్రము, టర్బైను యంత్రము

ట్విన్ వాస్ప్ పిస్టను జాతికి చెందిన యంత్రము. పదునాలుగు సిలిండర్లు రెండు వరుసలుగ, చక్రపు ఆకులవలె అమరియుండును. ప్రతి సిలిండరునకు రెండేసి చొప్పున 28 స్పార్కు ప్లగ్గులు కలవు. పెట్రోలు మండినపుడెల్ల పిస్టను ముందునకు పోయి వెనుకకు వచ్చును. ఆ కదలికనే కడ్డీల మూలమున గుండ్రని తిరుగుడుగ మార్చి ప్రొపెల్లరును త్రిప్పును. వేలకొలది భాగములు ఒండొంటితో రాపిడి పొందుచుండుటచే, సామాన్యముగ వెయ్యి, పదునైదు వందల గంటలు ఎగిరిన పిమ్మట యంత్రమును పూర్తిగ విప్పి బాగుచేయవలసి వచ్చును.

టర్బైను యంత్రమునందు ముందు వెనుకల కదలిక లేదు, ఉన్నదంతయు తిరుగుడే. గాలిని లోనికి పీల్చి, నొక్కి, అందు కిరసనాయిలు మండించి, వెలువడు వేడి వాయువుతో ఆకులు గల చక్రములను త్రిప్పి, ఆ శక్తిని పండ్ల చక్రముల మూలమున ప్రొపెల్లరునకు చేర్చును. అదే శక్తి గల పిస్టను యంత్రముతో పోల్చిన దీని బరువు మిక్కిలి తక్కువ. అదరు తక్కువ. విప్పి బాగుచేయు గడువు కొన్ని రకములకు మూడువేల గంటలను మించును. కాని దీనికి ఒక స్వభావము కలదు. ఎత్తుగ ఎగిరినపుడే ఇంధనమును పొదుపుగ వాడును. నేలకు దగ్గరగ ఎగిరినచో, ఒక్కొక్క అశ్వశక్తికి పిస్టను యంత్రముకంటె హెచ్చు ఇంధనమును త్రాగును. ఈ స్వభావమే ఈ చరిత్రమునకంతకును కీలకము.

ఇంధన విషయము గూడ గమనింపదగినది. పాత యంత్రములకు ప్రత్యేకమైన విమాన పెట్రోలు కావలెను. జెట్టు విమానములు వ్యాపించిన కొలది విమానాశ్రయములు కిరసనాయిలు జాతి ఇంధనమునే నిలువచేయ మొదలిడినవి. పెట్రోలు వెల పెరిగెను; మారుమూల ప్రాంతములలో దొరకుటయే దుర్లభమయ్యెను. విమానము చెక్కుచెదరక యున్నను, దానికి పోయవలసిన ఇంధనము లేనిచో ప్రయోజనమేమి?

తొలి ప్రయత్నములు

డకోటాకు టర్బైను యంత్రములను మొదట అమర్చినవారు ఆంగ్లేయులు. 1949 ఆగస్టులో ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ వారి మాంబా యంత్రములతో ఒక డకోటా ఎగిరెను. పిదప బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ వారు రోల్స్ రాయిస్ వారి డార్ట్ యంత్రములను రెండు డకోటాలకు అమర్చి, 1951 ఆగస్టులో లండను సమీపముననున్న నార్త్‌హోల్ట్ నుండి జర్మనీలోని హానోవరునకు సరకు రవాణా ప్రారంభించిరి. టర్బైనుతో తిరుగు ప్రొపెల్లర్లు గల విమానములతో క్రమబద్ధముగ సరకు రవాణా జరుగుటకు ఇదియే ఆరంభము.

ఈ ప్రయత్నముయొక్క అసలు లక్ష్యము డకోటాను ఉద్ధరించుట కాదు. డార్ట్ యంత్రములతో వైకౌంట్ అను కొత్త ప్రయాణికుల విమానము సిద్ధమగుచుండెను. అది 1953లో క్రమముగ నడువనారంభించులోపల, ఆ యంత్రముయొక్క గుణదోషములను నిత్యప్రయాణమున తెలిసికొనవలెనని వారు తలచిరి. ప్రయాణికులను ఎక్కింపక సరకులనే మోయించుటకు మరియొక హేతువు గూడ కలదు. డార్ట్ యంత్రము పొదుపుగ పనిచేయవలెనన్న ఇరువది వేల అడుగులకు పైన ఎగురవలెను. డకోటా దేహమున గాలి ఒత్తిడిని నిలుపు ఏర్పాటు లేదు. అంత ఎత్తున మనుష్యులకు ఊపిరాడదు. నడుపువారు ప్రాణవాయువు గొట్టములను ధరింపవలసినదే. క్రిందుగ ఎగిరినచో ఇంధనము వృథా. పైకి ఎగిరినచో ప్రయాణికులకు తావు లేదు. పరీక్షలు ముగిసిన పిమ్మట ఆ రెండు విమానములును మరల పాత పిస్టను యంత్రములనే ధరించినవి.

దీనినిబట్టి మొదటి సూత్రము తేటపడుచున్నది. యంత్రము ఎంత గొప్పదైనను, దాని గుణమును అనుభవించుటకు తగిన దేహము లేనిచో మార్పు నిష్ఫలమగును. 1969లో అమెరికాలో జాక్ కాన్రాయ్ అనునతడు డార్ట్ యంత్రములతోనే మరల డకోటాను ఎగురవేసి వేగమును చూపించెను గాని, కొనువారు లభింపలేదు. 1977లో అతడే మూడు చిన్న టర్బైను యంత్రములను, అందొకటి ముక్కుకొనయందుండునట్లు అమర్చి, మరియొక విమానమును సిద్ధపరచెను. అదియు ఒంటరిగనే మిగిలినది.

కాన్వేర్ విమానముల నిదర్శనము

ఇదే కాలమున మరియొక విమానముయొక్క చరిత్రము ఈ సూత్రమును వేరు మార్గమున బలపరచుచున్నది. అమెరికాలోని కాన్వేర్ సంస్థవారు యుద్ధానంతరము నిర్మించిన 240, 340, 440 రకముల విమానములు పిస్టను యంత్రములతోనే పుట్టినను, వాని దేహములు గాలి ఒత్తిడిని నిలుపునట్లు నిర్మితమైనవి. కావున ఎత్తుగ ఎగురుటకు అడ్డులేదు. 1955లో ఇంగ్లాండునందు నేపియర్ వారి ఎలాండ్ యంత్రములతో ఒక కాన్వేర్ విమానము ఎగిరెను. తరువాత అమెరికాలో ఆలిసన్ వారి టర్బైను యంత్రములను అమర్చగా కాన్వేర్ 580 అను రకము ఏర్పడెను. పాత యంత్రము 2,500 అశ్వశక్తికి మించనిది కాగా కొత్తది 3,750 అశ్వశక్తి కలది. 1964 మొదలుకొని ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ మున్నగు సంస్థలు ఈ విమానములతో చిరకాలము ప్రయాణికులను చేరవేసినవి. తరువాత సరకు రవాణాకును, కెనడాయందు అడవి మంటలను ఆర్పుటకును ఇవి ఉపయోగపడినవి.

ఇచ్చట మరియొక పాఠము గూడ కలదు. ఎలాండ్ యంత్రమును నమ్మి మార్పు చేసికొన్నవారు నష్టపడిరి. 1960 దశకారంభమున నేపియర్ వారి విమానయంత్రముల వ్యాపారము రోల్స్ రాయిస్ చేతికి పోగా, ఆ యంత్రముల తయారీ నిలిచిపోయెను. కెనడా వైమానిక దళమువారు ఎలాండ్ యంత్రములతో నడుపుచుండిన విమానములకు మరల ఆలిసన్ యంత్రములను అమర్చుకొనవలసి వచ్చినది. పాత విమానమునకు కొత్త యంత్రమును అమర్చునపుడు, ఆ యంత్రముయొక్క భావిజీవితము గూడ విమాన జీవితమంత దీర్ఘము కావలెను. ఇది రెండవ సూత్రము.

మన దేశమున అవలంబించిన మార్గము

1950 దశకాంతమున మన దేశమున గూడ డకోటాల భవిష్యత్తును గూర్చిన ప్రశ్న తలయెత్తినది. బెంగుళూరునందు విమానములను విప్పి కూర్చగల నేర్పరులు కొదువ లేదు. 1957లో అచ్చటనే యంత్ర నిర్మాణశాఖయు ఏర్పడినది. ఐనను మనవారు డకోటాలకు టర్బైను యంత్రములను అమర్చుటకు పూనుకొనలేదు. డకోటాకు బదులుగ నిలువదగునదని ఇంగ్లాండులో రూపొందిన అవ్రో 748 విమానమును మన దేశముననే నిర్మించుటకు 1959లో ఒప్పందము కుదుర్చుకొనిరి. కాన్పూరులో నిర్మితమైన తొలి విమానము 1961 నవంబరు 1వ తేదీన ఎగిరెను. వైమానిక దళమునకును, ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థకును కలిపి ఈ రకపు విమానములు 89 మన దేశమున నిర్మింపబడినవి.

ఈ అవ్రో విమానమున అమర్చిన యంత్రము డార్ట్. అనగా నార్త్‌హోల్టునందు డకోటా రెక్కలపై శిక్షణ పొందిన ఆ యంత్రమే, పదేండ్లకు డకోటాను తొలగించు విమానమునకు ప్రాణమై మన దేశమునకు వచ్చినది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1957లో ప్రవేశపెట్టిన వైకౌంట్ విమానములకును, 1961లో కొన్న ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానములకును గూడ డార్టే యంత్రము. ఈ మూడింటి దేహములును గాలి ఒత్తిడిని నిలుపగలవే. డార్ట్ యంత్రమునకు తగిన దేహము కొత్తగ నిర్మించుటయే మేలని ఆంగ్లేయుల అనుభవము తెలుపగా, మనవారు ఆ ఫలితమునే గ్రహించిరనుట సమంజసము. అంతియేగాక కొత్త విమానమును ఆదినుండి నిర్మించినచో పనివారికి అబ్బు విద్య, పాతదానికి యంత్రము మార్చినచో అబ్బదు. ఈ దృష్టితో చూచిన ఆ నిర్ణయము సరియైనదే యని మా అభిప్రాయము.

ఐతే మనవారు ఈ విద్యను పూర్తిగ విడిచిపెట్టిరనుట సత్యము కాదు. 1954 నుండి మన వైమానిక దళమున పనిచేయుచుండిన ఫెయిర్‌చైల్డ్ ప్యాకెట్ విమానముల కథ ఇందులకు నిదర్శనము. రెండు పెద్ద పిస్టను యంత్రములు గల ఈ విమానములు లద్దాఖు పర్వతములలోని సైనికులకు సామగ్రిని చేరవేయవలసియుండెను. ఎత్తైన ప్రదేశములలో గాలి పలుచనగుటచే పిస్టను యంత్రముల శక్తి క్షీణించును. ఒక యంత్రము ఆగినచో రెండవది విమానమును నిలుపజాలదు. ఇందులకు చికిత్సగా విమానము వీపుపై ఒక చిన్న జెట్టు యంత్రమును అమర్చిరి. మొదట అమెరికానుండి తెచ్చిన జె-34 యంత్రములను వాడిరి. తరువాత బెంగుళూరునందే తయారగుచుండిన ఆర్ఫియస్ యంత్రమును అమర్చిరి. నాట్ యుద్ధవిమానమునకు ప్రాణమైన యంత్రమే ఇది; సుమారు 4,700 పౌనుల తోపుడుబలము కలది.

ఇది యంత్రమును మార్చుట కాదు. ఉన్న రెంటికి తోడుగ మూడవదానిని చేర్చుట. ఎగురునపుడును, ఎత్తునకు ఎక్కునపుడును, ఆపద వచ్చినపుడును జెట్టు యంత్రమును నడిపి, మిగిలిన సమయమున ఆపివేయవచ్చును. కావున ఇంధనవ్యయము హద్దు మీరదు. 1962 జూలై 23వ తేదీన స్క్వాడ్రన్ లీడరు సి. కె. ఎస్. రాజే ఒక ప్యాకెట్ విమానమును 16,600 అడుగులకు పైబడిన ఎత్తుననున్న దౌలత్ బేగ్ ఓల్డీయందు దించెను. అంతటి ఎత్తున దిగి మరల లేచుటకు యంత్రశక్తి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. పాత విమానమునకు ఏది కొరతయో ఆ కొరతను మాత్రమే గుర్తించి, దానినే తీర్చుట బెంగుళూరు నేర్పరుల పద్ధతి.

ఓష్‌కోష్ పద్ధతి

డకోటా కథ ఇంతటితో ముగిసినదని విమానశాస్త్రజ్ఞులు చాలమంది తలచిరి. కాని డకోటాకు బదులు డకోటాయే యని విమానమును నడుపువారు చెప్పుకొను సామెత ఒకటి కలదు. చిన్న నేలలయందు, గడ్డి మైదానములయందు, మంచుపై దిగి, మూడు టన్నులకు పైబడిన బరువును మోయగల విమానము అంత చవుకగ మరియొకటి లభింపలేదు. లేనిది తగిన యంత్రము మాత్రమే.

ఆ యంత్రము కెనడానుండి వచ్చెను. ప్రాట్ అండ్ విట్నీ వారి కెనడా శాఖ రూపొందించిన పి.టి.-6 యంత్రము 1961 మే 30వ తేదీన ఒక పాత బీచ్ 18 విమానపు ముక్కుపై మొదటిసారి ఎగిరెను. ఇచ్చట గూడ కొత్త యంత్రమునకు పరీక్షాస్థానము పాత విమానమే. ఈ యంత్రమునందు గాలి వెనుకనుండి ప్రవేశించి ముందునకు సాగును. గాలిని నొక్కు చక్రమునకును, ప్రొపెల్లరును త్రిప్పు చక్రమునకును నడుమ ఇరుసు సంబంధము లేదు. వేడి వాయువు మాత్రమే ఆ రెంటిని కలుపును. ఇందుచే చలి ప్రదేశములలో గూడ యంత్రమును సులభముగ ప్రారంభింపవచ్చును. దీని రకములు నానాటికి శక్తిలో పెరుగుచు వచ్చి, 1980 దశకమునకు డకోటాకు చాలినంత స్థాయిని అందుకొన్నవి.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఓష్‌కోష్ పట్టణమందు వారెన్ బాస్లర్ అనునతడు డకోటాలను చిరకాలము నడిపి, వాని గుట్టుమట్లను ఎరిగినవాడు. అతడు నెలకొల్పిన సంస్థ రూపొందించిన బి.టి.-67 అను రూపాంతరమునకు 1990 ప్రాంతమున ప్రభుత్వ అనుమతి లభించెను. ఇందు ఒక్కొక్క యంత్రము సుమారు 1,280 అశ్వశక్తి కలది. అనగా పాత ట్విన్ వాస్ప్‌కంటె శక్తిలో గొప్ప తేడా లేదు. తేడా అంతయు బరువులోను, నిలుకడలోను, ఇంధనములోను కలదు.

బరువు తగ్గుట లాభమే యనుకొన్నచో పొరపాటు. పాత యంత్రము బరువులో కొత్తది సగమైనను లేదు. యంత్రములు రెక్కలకు ముందు వ్రేలాడునవి గాన, అవి తేలికయైనచో విమానపు గరిమనాభి, అనగా బరువంతయు సమతూకముగ నిలుచు చోటు, వెనుకకు జరుగును. అట్టి విమానము ముక్కు పైకెత్తి అదుపు తప్పును. ఈ దోషమును నివారించుటకు బాస్లర్ సంస్థవారు యంత్రములను ముందునకు పొడిగించిన తొడుగులలో అమర్చిరి. రెక్కలకు ముందుభాగమున విమాన దేహమును కోసి, 40 అంగుళముల పొడవుగల కొత్త భాగమును చొప్పించిరి. ఆ పొడిగింపుచే సమతూకము నిలుచుటయేగాక లోపలి చోటు మూడవ వంతుకు పైగా పెరిగెను. రెక్కల కొనలను, ముందంచులను తీర్చిరి. దేహమును ఎముక ఎముకగ విప్పి పరీక్షించి, తీగలన్నిటిని మార్చి, బలహీనమైనచోట రేకులకు దన్ను కల్పించిరి. విమానము మోయగల మొత్తము బరువు 28,750 పౌనులకు పెరిగెను.

డార్ట్ డకోటాకును దీనికిని గల భేదమిదియే. ఆంగ్లేయులు దేహమును యథాతథముగ ఉంచి యంత్రమును మార్చిరి. ఓష్‌కోష్ వారు యంత్రమునకు తగినట్లు దేహమును గూడ తీర్చిరి. దేహమున గాలి ఒత్తిడి నిలుపు ఏర్పాటు లేదన్న లోపము మాత్రము తీరలేదు. కాని ఈ విమానమునుండి కోరిన పని వేరు. ప్రయాణికులను వేగముగ నగరమునుండి నగరమునకు చేర్చుట దీని పని కాదు. రన్‌వేలు లేనిచోటికి బరువును చేర్చుట దీని పని. అట్టి పనియందు క్రిందుగ ఎగిరి కొంత ఇంధనము హెచ్చుగ వ్యయమైనను, ఆ ఇంధనము ప్రతిచోట లభించుటయే అసలైన లాభము.

ఇదే కాలమున దక్షిణాఫ్రికా వైమానిక దళమువారు గూడ పి.టి.-6 యంత్రములతో తమ డకోటాలను మార్చుకొనిరి. ఆయుధ సామగ్రిపై ఐక్యరాజ్యసమితి 1977లో విధించిన నిషేధముచే కొత్త సైనిక విమానములను కొనుట వారికి కష్టసాధ్యమైయుండెను. కొలంబియా వైమానిక దళము, థాయిలాండు వైమానిక దళము బాస్లర్ విమానములను కొన్నవి. థాయిలాండునందు ఈ విమానములు మేఘములపై రసాయనములను చల్లి వాన కురిపించు పనికిని వినియోగపడినవి.

దక్షిణ ధ్రువమున రెండు దృశ్యములు

యంత్రమును మార్చుటవలన కలిగిన ఫలితమును కొలుచుటకు దక్షిణ ధ్రువముకంటె మంచి త్రాసు లేదు. 1956 అక్టోబరు 31వ తేదీన అమెరికా నౌకాదళమునకు చెందిన ఒక డకోటా, రియర్ అడ్మిరల్ డ్యూఫెక్‌ను ఎక్కించుకొని, దక్షిణ ధ్రువమున దిగెను. ఆ స్థానమున దిగిన మొదటి విమానమిదియే. ఆ ప్రదేశము 9,000 అడుగులకు పైబడిన ఎత్తున కలదు. గడ్డకట్టిన మంచు స్కీ పట్టీలను పట్టుకొనును. మరల లేవవలసి వచ్చినపుడు పిస్టను యంత్రములు రెండును పూర్తి శక్తితో తిరిగినను విమానము కదలలేదు. దేహమునకు కట్టిన పదునైదు రాకెట్లను విడతలుగ వెలిగించినమీదట బహు కష్టముతో పైకి లేచెను.

కొన్ని దశాబ్దముల పిమ్మట అదే జాతి విమానము, టర్బైను యంత్రములతో, అంటార్కిటికా మంచుపై నిత్యకృత్యముగ దిగి లేచుచున్నది. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వేగెనర్ సంస్థవారు 2007లో ఒకటి, 2011లో మరియొకటి బాస్లర్ విమానములను సంపాదించి మంచుపొరల మందమును కొలుచుటకు వినియోగించిరి. పదునొకండు దేశములు కలసి ఏర్పరచుకొన్న డ్రామ్‌లాన్ అను విమానరవాణా వ్యవస్థయందు మన దేశమునకు గూడ భాగము కలదు. కేప్‌టౌను నుండి వచ్చు పెద్ద విమానములు మన మైత్రి స్థావరమునకు సమీపముననున్న రష్యావారి నొవొలజారెవ్‌స్కయా మంచు రన్‌వేపై దిగగా, అచ్చటినుండి వివిధ దేశముల స్థావరములకు మనుష్యులను, సామగ్రిని చేర్చుటకు బాస్లర్ విమానములు ఉపయోగపడుచు వచ్చినవి. మన దేశము డకోటాకు యంత్రము మార్చలేదు గాని, మార్చినవారి శ్రమఫలమును మన శాస్త్రజ్ఞులు అచ్చట అనుభవించిరి.

ఉపసంహారము

పై పరిశీలననుబట్టి కొన్ని విషయములు స్పష్టమగుచున్నవి. విమానము పాతదగుటకు దాని వయస్సు మాత్రమే కారణము కాదు. దానికి కావలసిన ఇంధనము దొరకకపోవుట, దాని యంత్రమును బాగుచేయు నేర్పరులు కరవగుట, విడిభాగములు నిలిచిపోవుట అను మూడు కారణములవలన విమానము పాతదగును. ఈ మూడింటిని తొలగించినచో దేహము మరల పనికి వచ్చును. కాని యంత్రమును మార్చినంతమాత్రమున ఫలము చేకూరదు. దేహము యంత్రమునకు తగవలెను. యంత్రము చిరకాలము నిలువవలెను. రెండును కలసి చేయవలసిన పని ముందుగ నిర్ణయమైయుండవలెను. డార్ట్ డకోటాయందు మొదటిది లోపించెను. ఎలాండ్ కాన్వేర్‌యందు రెండవది లోపించెను. కాన్వేర్ 580లోను, బాస్లర్ విమానములోను మూడును కుదిరెను.

మన దేశమున నిర్మితమైన అవ్రో విమానములకు గూడ కాలము తీరుచున్నది. వానికి బదులుగ 56 సి-295 విమానములను సంపాదించుటకు 2021లో ఒప్పందము కుదిరెను. వానిలో నలువదింటిని మన దేశముననే నిర్మింపవలెనని నిర్ణయము. వడోదరయందు కూర్చు ఈ విమానముల భాగములు హైదరాబాదులో తయారగుచుండుట తెలుగువారికి సంతోషకరమైన విషయము. వాని టర్బైను యంత్రములు పి.టి.-6ను సృష్టించిన కెనడా సంస్థవే.

2018లో మన వైమానిక దళమునకు ఒక డకోటా కానుకగ లభించి, పరశురామ అను నామమును ధరించెను. దాని రెక్కలపై నేటికిని పిస్టను యంత్రములే కలవు. అది ఉచితమే, ఆ విమానము స్మృతిని నిలుపుటకు ఏర్పడినది గాన, దాని ధ్వని గూడ స్మృతిలో భాగమే. ఓష్‌కోష్‌నుండి వెలువడిన విమానములకు ఆ బాధ్యత లేదు. అవి బరువు మోయుటకు ఏర్పడినవి. పాత వస్తువును నిలుపుకొనుటకు ఈ రెండు మార్గములును సాధువులే. ఏ వస్తువును స్మృతి కొరకు నిలుపుకొనుచున్నామో, దేనిని పని కొరకు నిలుపుకొనుచున్నామో ముందుగ తేల్చుకొనవలెను. అది తేలిన పిమ్మట యంత్రమును మార్చవలెనా, మానవలెనా యను ప్రశ్నకు సమాధానము తనంత తానే లభించును.